స్విచ్, రౌటర్, ఫైర్‌వాల్ కాన్ఫిగ్‌ల బ్యాకప్: పాడైన రోజున పనికొచ్చేలా ఎలా పెట్టుకోవాలి

స్విచ్ పాడైతే కొత్త స్విచ్ దొరుకుతుంది. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) ఉంటే సాయంత్రానికి, లేకపోతే రెండు మూడు రోజులకి. దొరకనిది దాని లోపల ఉన్న కాన్ఫిగరేషన్ (కాన్ఫిగ్), అంటే అందులో మీరు పెట్టుకున్న సెట్టింగులన్నీ. పద్నాలుగో పోర్టు ఏ వీలాన్‌లో (స్విచ్ లోపల విడదీసిన నెట్‌వర్క్ భాగం) ఉండేది, అకౌంట్స్ సెక్షన్ నుంచి సర్వర్‌కి ఏ రూల్‌తో దారి ఇచ్చారు, హెడ్డాఫీసుతో వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఎన్‌క్రిప్ట్ చేసిన లింకు) కలిపిన రోజు పెట్టిన కీ ఏంటి, ఇవన్నీ కొన్నేళ్లపాటు ఒక్కో లైనుగా చేరినవి. ఒక్క పూటలో గుర్తు తెచ్చుకుని కొట్టడం ఎవరి వల్లా కాదు.

కాలేజీలో, ఆసుపత్రిలో, చిన్న ఫ్యాక్టరీలో, బ్రాంచి ఆఫీసులో ఇరవై ముప్పై పరికరాలను ఒకరో ఇద్దరో చూసుకునే చోట ఈ పని ఎలా చేయాలో చెబుతాను. చాలామంది దగ్గర ఏదో ఒక ఫైలు ఉంటుంది. ఆ ఫైలుతో ఖాళీ పరికరాన్ని మళ్లీ నిలబెట్టగలరా అంటే మాత్రం జవాబు ఉండదు. నా లెక్కలో రీస్టోర్ చేసి చూసిందే బ్యాకప్. కింద చెప్పే ప్రతి మెట్టూ ఆ రీస్టోర్ కోసమే.

ఒక మాట. కమాండ్లను ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలో రాశాను. పరికరం ముందు కూర్చున్నప్పుడు మామూలు ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తోనే కొట్టాలి.

1. ముందు జాబితా రాయండి

ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. పరికరం పేరు, మోడల్, సీరియల్ నంబర్, సాఫ్ట్‌వేర్ వెర్షన్, మేనేజ్‌మెంట్ ఐపీ, ఏ గదిలో ఏ ర్యాక్‌లో ఉంది, లాగిన్ ఎవరి దగ్గర ఉంది. సిస్కోలో "షో వెర్షన్", "షో ఇన్వెంటరీ" రెండూ కొడితే మోడల్, సీరియల్, వెర్షన్ వచ్చేస్తాయి. వెర్షన్ కాలమ్‌ని వదిలేయకండి, రీస్టోర్ రోజున మొదట అడిగేది అదే.

స్విచ్‌లు, రౌటర్లు అందరికీ గుర్తుంటాయి. మర్చిపోయేవి వేరే ఉన్నాయి: వైఫై కంట్రోలర్, ఐపీ ఫోన్ల పీబీఎక్స్ (ఎక్స్చేంజి), సీసీ కెమెరాల ఎన్‌వీఆర్ (రికార్డర్), యూపీఎస్‌లో ఉండే నెట్‌వర్క్ కార్డు. వీటిలోనూ సెట్టింగులు ఉంటాయి, వీటికీ ఎక్స్‌పోర్ట్ బటన్ ఉంటుంది. లీజ్డ్ లైన్ కోసం ఐఎస్‌పీ (ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ) వాళ్లు పెట్టిన రౌటర్ మీ చేతిలో ఉండదు. కానీ దాని ఐపీలు, గేట్‌వే, సర్క్యూట్ ఐడీ, ఫిర్యాదు చేయాల్సిన నంబరు మీ జాబితాలో ఉండాలి.

2. కాన్ఫిగ్ ఎక్కడ ఉంటుందో తెలుసుకోండి

సిస్కో పరికరాల సాఫ్ట్‌వేర్ అయిన ఐఓఎస్‌లో కాన్ఫిగ్ రెండు చోట్ల ఉంటుంది. మీరు కొట్టిన ప్రతి లైనూ వెంటనే అమల్లోకి వచ్చి ర్యామ్‌లోని రన్నింగ్-కాన్ఫిగ్‌లో చేరుతుంది. కరెంటు పోతే ర్యామ్ ఖాళీ. మళ్లీ ఆన్ అయ్యేటప్పుడు పరికరం చదివేది కరెంటు పోయినా చెరిగిపోని ఎన్‌వీర్యామ్‌లో ఉన్న స్టార్టప్-కాన్ఫిగ్‌ని. "కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్" లేదా "రైట్ మెమరీ" కొట్టేదాకా ఆ రెండూ వేర్వేరు. ఎప్పుడో చేసిన మార్పు సేవ్ కాకుండా ఉండిపోయి, నెలల తర్వాత యూపీఎస్ చేతులెత్తేసిన రాత్రి మాయమైతే, అదేంటో కనిపెట్టడానికి చాలా టైం పడుతుంది.

అందుకే బ్యాకప్ తీసే ముందు ఈ రెంటికీ తేడా ఉందో లేదో చూడండి. "షో ఆర్కైవ్ కాన్ఫిగ్ డిఫరెన్సెస్" తర్వాత రెండు ఫైళ్ల పేర్లు ఇస్తే, కొత్తగా వచ్చిన లైన్ల ముందు ప్లస్, పోయిన వాటి ముందు మైనస్ గుర్తులతో చూపిస్తుంది. తేడా ఉంటే వెంటనే సేవ్ కొట్టేయకండి. ఆ మార్పు ఎవరు చేశారో, ఉంచాలో తీసేయాలో కనుక్కున్నాకే సేవ్ చేయండి.

మిగతా కంపెనీల తీరు వేరు. జూనిపర్‌లో మీరు మార్చేది క్యాండిడేట్ కాన్ఫిగ్‌ని. "కమిట్" కొట్టేదాకా ఏదీ అమల్లోకి రాదు, కొట్టాక డిస్క్ మీద పడుతుంది. ఇప్పటిది, పాతవి కలిపి 50 వెర్షన్ల వరకు దాచుతుంది, "రోల్‌బ్యాక్ 1" అంటే దీనికి ముందుది. మైక్రోటిక్‌లో వేరే సేవ్ ఉండదు, చేసిన మార్పు చేసినట్టే నిలిచిపోతుంది. ఫోర్టిగేట్ ఫైర్‌వాల్ కూడా మామూలు సెట్టింగ్‌లో అంతే. పీఎఫ్‌సెన్స్ ఫైర్‌వాల్ మొత్తాన్నీ ఒకే ఎక్స్‌ఎంఎల్ ఫైలులో పెడుతుంది, మార్చిన ప్రతిసారీ పాత కాపీని చరిత్రలో దాస్తుంది. పరికరం లోపల దాచుకునే ఈ చరిత్ర పొరపాటున కొట్టిన లైనును వెనక్కి తీసుకోవడానికి బాగా పనికొస్తుంది. పరికరమే కాలిపోతే మాత్రం చరిత్ర కూడా దాంతోనే పోతుంది.

3. దూరం నుంచి మార్చేటప్పుడు వెనక్కి వచ్చే దారి పెట్టుకోండి

బ్యాకప్ అవసరం పడే సందర్భాల్లో చాలా వాటిని ముందే తప్పించవచ్చు. ఎక్కడో బ్రాంచిలో ఉన్న రౌటర్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి చేసే ఎన్‌క్రిప్టెడ్ లాగిన్) ద్వారా యాక్సెస్ లిస్ట్ (ఏ ట్రాఫిక్‌ని వదలాలో, దేన్ని ఆపాలో చెప్పే రూల్స్) మారుస్తున్నారనుకోండి. ఒక లైను తప్పు పడితే మీ సెషనే తెగిపోతుంది, ఇక అక్కడికి బండి కట్టుకుని వెళ్లాలి. సిస్కోలో అయితే ముందు ఉన్నదాన్ని సేవ్ చేసి "రీలోడ్ ఇన్ 10" కొట్టండి. ఆ తర్వాతే మార్పు చేయండి. అంతా బాగుంటే "రీలోడ్ క్యాన్సిల్", ఆ తర్వాత సేవ్. తెగిపోతే పది నిమిషాల్లో రౌటర్ తనంతట తానే రీబూట్ అయి పాత స్టార్టప్-కాన్ఫిగ్‌తో లేస్తుంది. మధ్యలో అలవాటుకొద్దీ "రైట్ మెమరీ" కొట్టారో, ఈ ఏర్పాటంతా వృథా.

రీబూట్ లేకుండా ఇదే పని చేసేది "కాన్ఫిగర్ టెర్మినల్ రివర్ట్ టైమర్ 5". అయిదు నిమిషాల్లో "కాన్ఫిగర్ కన్ఫర్మ్" కొట్టకపోతే పాత స్థితికి తిరిగి వెళ్తుంది. దీనికి ముందుగా కాన్ఫిగ్ కాపీలు దాచే "ఆర్కైవ్" ఫీచర్‌ని సెట్ చేసి ఉంచాలి. జూనిపర్‌లో "కమిట్ కన్ఫర్మ్డ్" ఉంది, ఏమీ చెప్పకపోతే పది నిమిషాలు ఆగుతుంది. మైక్రోటిక్ టెర్మినల్‌లో కంట్రోల్-ఎక్స్ నొక్కితే సేఫ్ మోడ్. కనెక్షన్ తెగితే ఆ మోడ్‌లో చేసినవన్నీ రద్దవుతాయి. పని అయ్యాక మళ్లీ కంట్రోల్-ఎక్స్ నొక్కి బయటికి రావాలి.

4. మొదటి బ్యాకప్ చేత్తోనే తీయండి

ఆటోమేషన్ తర్వాత చూద్దాం. మొదటిసారి ఒక్కో పరికరంలోకి లాగినయి మీరే తీస్తే, ఏది ఎలా స్పందిస్తుందో చేతికి అలవాటవుతుంది.

సిస్కోలో "కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ ఎస్‌సీపీ:" అంటే సర్వర్ ఐపీ, యూజర్, ఫైలు పేరు అడుగుతుంది, ఫైలును ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతుంది. చాలా గైడుల్లో ఇప్పటికీ టీఎఫ్‌టీపీ కనిపిస్తుంది. యూడీపీ 69 మీద నడిచే ఆ ప్రోటోకాల్‌లో లాగిన్ లేదు, ఎన్‌క్రిప్షన్ లేదు. టేబుల్ మీద పరికరాన్ని నేరుగా ల్యాప్‌టాప్‌కి కలిపి వాడుకుంటే పర్వాలేదు. నడుస్తున్న నెట్‌వర్క్ మీద మాత్రం ఎస్‌సీపీ లేదా ఎస్‌ఎఫ్‌టీపీనే వాడండి.

మైక్రోటిక్‌లో రెండు రకాలు తీయాలి, రెండూ అవసరమే. "సిస్టమ్ బ్యాకప్ సేవ్" ఇచ్చేది బైనరీ ఫైలు, అదే పరికరానికి తిరిగి వేయడానికి. దాన్ని ఇంకో పరికరంలో వేస్తే పాతదాని మ్యాక్ అడ్రస్‌లు (పోర్టుల హార్డ్‌వేర్ గుర్తింపు నంబర్లు) కూడా వచ్చి కూర్చుంటాయి. "ఎక్స్‌పోర్ట్ ఫైల్" ఇచ్చేది చదవగలిగే టెక్స్ట్, కొత్త మోడల్‌కి మారేటప్పుడు పనికొచ్చేది ఇదే. వెర్షన్ 7 నుంచి ఎక్స్‌పోర్ట్‌లో పాస్‌వర్డ్‌లు, కీలు వాటంతటవే దాగిపోతాయి. అవి కావాలంటే "షో-సెన్సిటివ్" చేర్చాలి. ఇది తెలియకుండా తీసిన ఫైలుతో రీస్టోర్ చేస్తే ఐఎస్‌పీకి పీపీపీఓఈ లాగిన్ కూడా కాదు.

ఫోర్టిగేట్‌లో పైన కుడివైపు మీ యూజర్ పేరు మీద నొక్కితే కాన్ఫిగరేషన్, అందులో బ్యాకప్ వస్తుంది. వీడామ్‌లు (ఒకే ఫైర్‌వాల్‌ని విడగొట్టి చేసిన వర్చువల్ ఫైర్‌వాల్‌లు) ఉంటే గ్లోబల్ ఎంచుకోండి. పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసే అవకాశం ఇస్తుంది. చేయడం మంచిదే, కానీ ఆ పాస్‌వర్డ్ పోతే ఫైలు తెరుచుకోదు. పీఎఫ్‌సెన్స్‌లో డయాగ్నస్టిక్స్ మెనూలో బ్యాకప్ అండ్ రీస్టోర్.

ఫైలు పేరు విషయంలో ఒక పద్ధతి పెట్టుకుని దానికే కట్టుబడండి. పరికరం పేరు, ఆ తర్వాత సంవత్సరం-నెల-తేదీ వరుసలో తేదీ. ఆ వరుసలో రాస్తేనే ఫోల్డర్‌లో కాలక్రమంలో సర్దుకుంటాయి. "న్యూ", "ఫైనల్", "ఫైనల్2" అని పేర్లు పెట్టిన ఫోల్డర్‌లో అవసరం పడ్డ రాత్రి ఏది తెరవాలో తేలదు.

ఫైలు వచ్చాక తెరిచి చూడండి. సైజు సున్నా ఉందా? చివరి లైను "ఎండ్" వరకు ఉందా? పుట్టీ (పరికరంలోకి లాగినవడానికి వాడే ప్రోగ్రాం) తెర మీద నుంచి కాపీ చేసిన వాటిలో మధ్య మధ్య "మోర్" అన్న పదం దూరి ఉంటుంది, దాన్ని తిరిగి పేస్ట్ చేస్తే ఎర్రర్లు వస్తాయి. తెర మీద నుంచే తీయాల్సి వస్తే ముందు "టెర్మినల్ లెంగ్త్ 0" కొట్టండి.

5. కాన్ఫిగ్ ఫైలులో లేనివి ఏమిటి

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే కాబట్టి దీని మీద కాస్త నిదానంగా వెళ్దాం.

సిస్కో స్విచ్‌లో వీలాన్ల సంగతి చూడండి. వీటీపీ (వీలాన్ల జాబితాను స్విచ్‌ల మధ్య పంచే సిస్కో పద్ధతి) సర్వర్ మోడ్‌లో ఉన్నప్పుడు వీలాన్ నంబర్లు, పేర్లు రన్నింగ్-కాన్ఫిగ్‌లో కనిపించవు. అవి వీలాన్-డాట్-డ్యాట్ అనే వేరే ఫైలులో ఉంటాయి, చాలా క్యాటలిస్ట్ మోడళ్లలో ఫ్లాష్ మెమరీలో. మీరు కాన్ఫిగ్ మాత్రమే తెచ్చి కొత్త స్విచ్‌లో వేశారనుకోండి. పోర్టు దగ్గర "స్విచ్‌పోర్ట్ యాక్సెస్ వీలాన్ 30" అని ఉంటుంది, స్విచ్‌లో మాత్రం వీలాన్ 30 ఉండదు. కేబుల్ పెట్టినా ఆ పోర్టులో ట్రాఫిక్ కదలదు. కాన్ఫిగ్ ఎన్నిసార్లు చదివినా తప్పు కనిపించదు, ఎందుకంటే తప్పు ఆ ఫైలులో లేదు. కాబట్టి ఆ ఫైలును కూడా కాపీ చేయండి, లేదా "షో వీలాన్ బ్రీఫ్" అవుట్‌పుట్‌ని పక్కనే దాచండి. వీటీపీని నిజంగా వాడుకోని చోట ట్రాన్స్‌పరెంట్ మోడ్‌కి మార్చేస్తే వీలాన్లు కాన్ఫిగ్‌లోనే కనిపిస్తాయి. నా మటుకు నాకు ఈ మార్పే అన్నిటికంటే మేలనిపిస్తుంది.

ఎస్‌ఎస్‌హెచ్‌కి వాడే ప్రైవేట్ కీ కాన్ఫిగ్‌లో రాదు. కొత్త పరికరంలో హోస్ట్‌నేమ్, డొమైన్ పేరు పెట్టి "క్రిప్టో కీ జనరేట్ ఆర్‌ఎస్‌ఏ" కొట్టేదాకా ఎస్‌ఎస్‌హెచ్ లేవదు. మానిటరింగ్‌కి వాడే ఎస్‌ఎన్‌ఎంపీ మూడో వెర్షన్ యూజర్లు "షో రన్"లో కనిపించరు, వాళ్లను మళ్లీ సృష్టించాలి. ఈ రెండూ చేయకపోతే స్విచ్ పనిచేస్తూనే ఉంటుంది, మానిటరింగ్‌లో మాత్రం ఎర్రగా చూపిస్తుంది. మైక్రోటిక్ ఎక్స్‌పోర్ట్‌లో లాగిన్ యూజర్ల పాస్‌వర్డ్‌లు, సర్టిఫికెట్లు, ఎస్‌ఎస్‌హెచ్ కీలు రావు.

లైసెన్సులు చాలావరకు సీరియల్ నంబర్‌కి ముడిపడి ఉంటాయి. పరికరం మార్చినప్పుడు వాటిని కొత్త సీరియల్‌కి బదిలీ చేయించాలి, దానికి వెండర్ దగ్గర కేసు తెరవాలి. ఆ అకౌంట్ లాగిన్ ఎవరి మెయిల్ మీద ఉందో ఇప్పుడే చూడండి. ఉద్యోగం మానేసిన వాళ్ల మెయిల్ మీద ఉంటే ఈ వారమే మార్పించండి.

సాఫ్ట్‌వేర్ ఇమేజ్ కూడా దాచాలి. ఫోర్టిగేట్ కాన్ఫిగ్ ఫైలు మొదటి లైనులోనే మోడల్, వెర్షన్, బిల్డ్ నంబర్ రాసి ఉంటాయి. ఒక మోడల్ ఫైలు ఇంకో మోడల్ మీద నేరుగా ఎక్కదు. అదే మోడల్ అయినా ముందు అదే వెర్షన్‌కి తెచ్చి, రీస్టోర్ చేసి, అప్‌గ్రేడ్ ఆ తర్వాత చేసుకోవడమే మంచిది.

ఇంకొకటి. సిస్కోలో బయటి ఫైలును "కాపీ ఎస్‌సీపీ: రన్నింగ్-కాన్ఫిగ్" అని వేస్తే అది ఉన్నదాన్ని తీసేసి కొత్తది పెట్టదు, ఉన్నదానికి కలుపుతుంది. పాత లైన్లు పాతవిగానే ఉంటాయి, ఫైలులోవి వచ్చి చేరతాయి. పైగా "నో షట్‌డౌన్" అనే లైను కాన్ఫిగ్‌లో ఎక్కడా రాసి ఉండదు. కొత్త రౌటర్‌లో ఇంటర్‌ఫేస్‌లు షట్‌డౌన్‌లో ఉంటాయి కాబట్టి, ఇలా కలిపాక ఐపీలన్నీ సరిగ్గా కనిపిస్తూనే లింకు మాత్రం లేవదు. నడుస్తున్న పరికరాన్ని పూర్తిగా పాత ఫైలు స్థితికి తేవాలంటే దానికి వేరే కమాండ్ ఉంది: "కాన్ఫిగర్ రీప్లేస్". తేడాలు లెక్కగట్టి, ఎక్కువున్నవి తీసి, లేనివి చేరుస్తుంది.

6. రోజువారీ పనిని మెషీన్‌కి అప్పగించండి

చేత్తో తీసే బ్యాకప్ రెండు నెలలు సాగుతుంది, తర్వాత పని ఒత్తిడిలో ఆగిపోతుంది. అందుకని పాత డెస్క్‌టాప్ అయినా సరే, ఒక లైనక్స్ మెషీన్ పెట్టండి. దాని మీద ఆక్సిడైజ్డ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం నడపండి. ఇదివరకు ఈ పనికి అందరూ వాడిన ర్యాన్సిడ్ స్థానంలో వచ్చింది ఇది. డాకర్ ఇమేజ్ కూడా ఉంది. పరికరాల జాబితాను రౌటర్-డాట్-డీబీ అనే చిన్న టెక్స్ట్ ఫైలులో రాస్తారు, ఒక్కో లైనులో పరికరం పేరు లేదా ఐపీ, కోలన్, మోడల్ రకం. ఆ జాబితాలో ఉన్న ప్రతి పరికరంలోకి లాగినయి కాన్ఫిగ్ తెచ్చుకుంటుంది. మామూలుగా 3600 సెకన్లకొకసారి. అవుట్‌పుట్ దగ్గర గిట్ (ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే ప్రోగ్రాం) అని పెడితే, మారినప్పుడు మాత్రమే కొత్త కమిట్ (చరిత్రలో ఒక నమోదు) పడుతుంది.

దాని కోసం ప్రతి పరికరంలో ప్రత్యేకంగా ఒక యూజర్‌ని సృష్టించండి. వీలైనంత తక్కువ అనుమతులు ఇవ్వండి, ఆ సర్వర్ ఐపీ నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ ఆ లాగిన్ పనిచేయకుండా చూడండి. ఆక్సిడైజ్డ్ వెబ్ పేజీ 8888 పోర్టులో వస్తుంది, దానికి సొంతంగా లాగిన్ ఉండదు. దాన్ని ఆ మెషీన్ వరకే పరిమితం చేసి, బయటి నుంచి చూడాలంటే ముందు పాస్‌వర్డ్ ఉన్న ప్రాక్సీ పెట్టండి.

అసలు సుఖం గిట్ చరిత్రలో ఉంది. పరికరం కాలిపోవడం ఎప్పుడో జరిగేది. "నిన్నటిదాకా ప్రింటర్ పనిచేసింది, ఇవాళ చేయట్లేదు" అన్న ఫోన్ వారానికోసారి వస్తుంది. అప్పుడు ఆ స్విచ్ చరిత్ర తెరిస్తే, నిన్న సాయంత్రం పదకొండో పోర్టు వీలాన్ 20 నుంచి 40కి మారిందని రెండు లైన్లలో కనిపిస్తుంది. ఇక వెతుకులాట ఉండదు.

మొదట్లో అనవసరమైన తేడాలు కూడా వస్తాయి. ఫోర్టిగేట్ తన ఎన్‌క్రిప్ట్ చేసిన పాస్‌వర్డ్‌లను ప్రతిసారీ కొత్త రూపంలో రాస్తుంది, ఏమీ మారకపోయినా మారినట్టు ఉంటుంది. అలాంటి లైన్లను వడకట్టే ఏర్పాట్లు ఆక్సిడైజ్డ్‌లో ఉన్నాయి, ఓపిగ్గా పెట్టుకోండి. గందరగోళం ఎక్కువైతే ఎవరూ చరిత్ర తెరవరు.

టైం కూడా కలవాలి. అన్ని పరికరాలకూ ఎన్‌టీపీ (గడియారాన్ని టైం సర్వర్‌తో కలిపే పద్ధతి) పెట్టి ఐఎస్‌టీ సెట్ చేయండి, లేకపోతే గిట్‌లోని సమయానికీ సిస్‌లాగ్‌లోని (పరికరాలు పంపే సంఘటనల లాగ్) సమయానికీ పొంతన కుదరదు. మన దేశంలో సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైం సర్వర్లతో, లేదా వాటికి అనుసంధానమైన సర్వర్లతో గడియారాలు కలపాలని, లాగ్‌లు 180 రోజులు దాచాలని ఉంది. ఎలాగూ చేయాల్సిన పనే, ఇక్కడే చేసేయండి.

ఇంకా ముఖ్యమైనది, బ్యాకప్ ఆగిపోతే మీకు తెలియాలి. ఎవరో పాస్‌వర్డ్ మార్చారు, ఆ రోజు నుంచి లాగిన్ ఫెయిల్, ఫోల్డర్‌లో పాత ఫైలు అలాగే ఉంది కాబట్టి చూసేవాళ్లకి అంతా బాగానే ఉన్నట్టుంటుంది. ఒక పరికరం నుంచి రెండు రోజులుగా కాన్ఫిగ్ రాకపోతే మెయిల్ వచ్చేలా పెట్టండి.

లైనక్స్ మెషీన్ పెట్టే వీలే లేకపోతే పరికరాలతోనే పంపించండి. సిస్కో "ఆర్కైవ్"లో పాత్ ఇచ్చి "రైట్-మెమరీ" అని చేరిస్తే, సేవ్ చేసిన ప్రతిసారీ ఒక కాపీ సర్వర్‌కి వెళ్తుంది. జూనిపర్‌లో "ట్రాన్స్‌ఫర్-ఆన్-కమిట్" అదే పని చేస్తుంది. మైక్రోటిక్‌లో షెడ్యూలర్‌తో చిన్న స్క్రిప్ట్ రాసుకోవచ్చు.

7. ఆ ఫైళ్లను తాళం చెవుల్లా దాచండి

కాన్ఫిగ్ ఫైలు చేతికి చిక్కితే మీ నెట్‌వర్క్ నిర్మాణమంతా చిక్కినట్టే. ఐపీలు, రూల్స్, వీపీఎన్ కీలు, ఎస్‌ఎన్‌ఎంపీ కమ్యూనిటీ పేర్లు (పాస్‌వర్డ్‌లా పనిచేసేవి) అన్నీ అందులోనే ఉంటాయి. సిస్కోలో "పాస్‌వర్డ్ 7" అని కనిపించేదాన్ని క్షణాల్లో అసలు పదంగా మార్చేయవచ్చు, దాన్ని భద్రత అనుకోకండి. "సీక్రెట్ 8", "సీక్రెట్ 9" రకాలకు మారండి. 2025 సెప్టెంబరులో ఫైర్‌వాల్ కంపెనీ సోనిక్‌వాల్ తన క్లౌడ్ బ్యాకప్ సేవలో కస్టమర్లు దాచుకున్న ఫైర్‌వాల్ కాన్ఫిగ్ ఫైళ్లు బయటివాళ్ల చేతికి వెళ్లాయని ప్రకటించింది. మొదట అయిదు శాతం లోపే అన్నది, అక్టోబరులో ఆ సేవ వాడిన వాళ్లందరి ఫైళ్లూ అని చెప్పింది. క్లౌడ్‌లో పెట్టకూడదని నేను అనను. మీ కీతో మీరే ఎన్‌క్రిప్ట్ చేశాకే పెట్టండి.

వెండర్ ఇంజినీర్ వాట్సాప్‌లో "షో రన్ పంపండి సార్" అంటే, కీలు, పాస్‌వర్డ్‌లు, పబ్లిక్ ఐపీలు చెరిపేసి పంపండి. పంపిన గ్రూపులో ఎవరెవరు ఉన్నారో మీకు తెలియదు. పాత సిస్కో స్విచ్‌లలో స్మార్ట్ ఇన్‌స్టాల్ అనే సౌకర్యం టీసీపీ 4786 పోర్టులో తెరిచి ఉంటుంది, దాని ద్వారా కాన్ఫిగ్‌లు ఎత్తుకెళ్లిన దాడులు చాలా జరిగాయి. "నో వీస్టాక్" కొట్టి మూసేయండి.

కాపీలు ఎన్ని అంటే, బ్యాకప్ సర్వర్‌లో ఒకటి, ఆ భవనం బయట ఎన్‌క్రిప్ట్ చేసినది ఒకటి, మీ ల్యాప్‌టాప్‌లో లేదా పెన్‌డ్రైవ్‌లో ఎన్‌క్రిప్ట్ చేసినది ఇంకొకటి. మూడోది ఎందుకంటే, కోర్ స్విచ్ (మిగతా స్విచ్‌లన్నీ వచ్చి కలిసే ప్రధాన స్విచ్) పోయిన రోజున బ్యాకప్ సర్వర్‌కి వెళ్లే దారి కూడా ఆ కోర్ స్విచ్ గుండానే ఉంటుంది. ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, కవర్‌లో సీల్ చేసి, ప్రిన్సిపాల్ గారి బీరువాలోనో మేనేజర్ గారి లాకర్‌లోనో పెట్టించండి. మీరు సెలవులో ఉన్నప్పుడు ఇంకొకరు తెరవగలగాలి.

8. రీస్టోర్ చేసి చూడండి

ఆరు నెలలకోసారి, ఒక స్పేర్ స్విచ్‌తో. స్పేర్ లేకపోతే ఏఎంసీ వాళ్లని ఒక పూట డెమో పీస్ అడగండి, చాలామంది ఇస్తారు.

కన్సోల్ కేబుల్ పెట్టండి. పుట్టీలో సీరియల్, స్పీడ్ 9600. సిస్కోకి మామూలుగా ఇదే. ఆ స్విచ్‌ని లైవ్ నెట్‌వర్క్‌కి ఇప్పుడే కలపకండి. దానిలో పాత వీటీపీ డొమైన్ పేరు మీదే అయి, రివిజన్ నంబరు మీ స్విచ్‌లకన్నా ఎక్కువ ఉంటే, ట్రంక్ పోర్టుకి (స్విచ్‌ల మధ్య చాలా వీలాన్లను మోసే పోర్టు) తగిలించగానే మీ వీలాన్ల జాబితాను తన జాబితాతో తుడిచేయగలదు. పైగా రీస్టోర్ అయ్యాక దానికీ అసలు స్విచ్‌కీ ఒకే ఐపీ ఉంటుంది.

ముందు సాఫ్ట్‌వేర్ వెర్షన్‌ని జాబితాలో ఉన్నదానికి తెండి. తర్వాత ల్యాప్‌టాప్ నుంచి వీలాన్-డాట్-డ్యాట్‌ని ఫ్లాష్‌లోకి, కాన్ఫిగ్‌ని స్టార్టప్-కాన్ఫిగ్‌లోకి కాపీ చేయండి. రన్నింగ్‌లోకి వద్దు, కారణం పైన చెప్పాను. ఇప్పుడు "రీలోడ్" కొట్టండి. కాన్ఫిగరేషన్ మారింది, సేవ్ చేయమంటారా అని అడిగితే జవాబు "నో". ఇక్కడ "యెస్" అంటే ర్యామ్‌లో ఉన్న ఖాళీ కాన్ఫిగ్ వెళ్లి మీరిప్పుడే పెట్టిన స్టార్టప్-కాన్ఫిగ్ మీద పడుతుంది, మళ్లీ మొదటికొస్తారు.

లేచాక "షో వీలాన్ బ్రీఫ్", "షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్", "షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్" అవుట్‌పుట్‌లను అసలు స్విచ్ నుంచి తెచ్చిన వాటితో పక్కపక్కన పెట్టి చూడండి. షట్‌డౌన్‌లో ఉండిపోయిన ఇంటర్‌ఫేస్‌లు తెరవండి, ఎస్‌ఎస్‌హెచ్ కీ సృష్టించండి, ల్యాప్‌టాప్ నుంచి లాగిన్ అవుతుందో చూడండి. స్ట్యాక్‌లో (కలిసి ఒకే స్విచ్‌లా పనిచేసే గుంపులో) ఉండే స్విచ్ అయితే మెంబర్ నంబరు కూడా సరిచూడాలి, నంబరు మారితే పోర్టుల పేర్లు కలవవు.

చేస్తూ ఉండగానే ప్రతి మెట్టునూ ఒక కాగితం మీద రాయండి. ఎక్కడ ఆగారో, ఏ ఫైలు వెతుక్కోవాల్సి వచ్చిందో, మొత్తం ఎంతసేపు పట్టిందో కూడా. వచ్చేసారి ఈ రీస్టోర్‌ని మీ జూనియర్ చేత ఆ కాగితం చూసి చేయించండి, మీరు పక్కన కూర్చోండి కానీ నోరు విప్పకండి. వాళ్లు ఆగిన ప్రతిచోటా కాగితంలో ఒక లైను చేర్చాలి. ఆ కాగితం ప్రింటు తీసి ర్యాక్ తలుపు లోపలివైపు అంటించండి. అందులో పాస్‌వర్డ్‌లు మాత్రం ఉండకూడదు.

9. పాత పరికరాన్ని పంపేసేటప్పుడు

ఆర్ఎంఏకి (రీప్లేస్‌మెంట్ కోసం కంపెనీకి వాపసు) వెళ్లేదైనా, పాత సామాన్ల వాళ్లకి ఇచ్చేదైనా ముందు తుడవండి. సిస్కోలో "రైట్ ఎరేజ్" ఒక్కటే చాలదు, వీలాన్-డాట్-డ్యాట్‌ని విడిగా డిలీట్ చేయాలి, ఫ్లాష్‌లో మిగిలిన పాత కాన్ఫిగ్ కాపీలు కూడా. ఫోర్టిగేట్‌లో "ఎగ్జిక్యూట్ ఫ్యాక్టరీరీసెట్", మైక్రోటిక్‌లో "సిస్టమ్ రీసెట్-కాన్ఫిగరేషన్". 2023లో ఈసెట్ అనే సైబర్ భద్రత సంస్థ సెకండ్‌హ్యాండ్ రౌటర్లు కొని చూస్తే, సగానికి పైగా వాటిలో పాత యజమానుల కాన్ఫిగ్‌లు అలాగే ఉన్నాయి. ఆన్ కాని పరికరాన్ని తుడవలేరు కాబట్టి, అలాంటి దానిలో ఉన్న వీపీఎన్ కీలు, అడ్మిన్ పాస్‌వర్డ్‌లు, ఎస్‌ఎన్‌ఎంపీ కమ్యూనిటీలు అన్నిటినీ మిగతా పరికరాల్లో మార్చండి. ఆ తర్వాత జాబితాలో దాని సీరియల్ పక్కన పంపిన తేదీ వేసి, ఆక్సిడైజ్డ్ జాబితా నుంచి ఆ లైను తీసేయండి. దాని గిట్ చరిత్రను మాత్రం ఒక ఏడాది అలాగే ఉంచండి, ఎందుకంటే కొత్త స్విచ్‌లో ఏదో ఒక పోర్టు గురించి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.